బీపీ మిషన్ మంచిదే, దాని పచ్చ గీతతోనే పేచీ

నాలుగు నెలలు వాడాక రాస్తున్నా. జబ్బకి పట్టీ చుట్టి బటన్ నొక్కే ఆటోమేటిక్ మిషన్ ఇది, కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు.

ఎందుకు కొన్నానంటే మామూలు చెకప్‌లో 138/88 వచ్చింది. "బోర్డర్‌లో ఉందండీ, ఒక వారం ఇంట్లో చూస్కుని రాసుకుని రండి" అన్నారు డాక్టర్ గారు. సరే అని తెప్పించుకుని పెట్టె విప్పిన రోజే మూడుసార్లు చూస్కున్నా, పై నంబర్ 149, 152, 147. ఇంక ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

తర్వాత రోజు మాన్యువల్ చివర్లో చీమ తలకాయంత అక్షరాల్లో కనపడింది, వాళ్లిచ్చిన కఫ్, అదే జబ్బకి చుట్టే పట్టీ, 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతికట. టేపు పెట్టి కొలిస్తే నా జబ్బ 35! చేతికి చిన్నదైన కఫ్ వేస్తే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, ఈ ముక్క పెట్టె మీద పెద్దక్షరాల్లో వేస్తే వాళ్ల సొమ్మేం పోయింది? 42 వరకు పట్టే కఫ్ విడిగా కొనుక్కున్నా, అప్పట్నుంచి 131, 135, 133 ఇలా వస్తున్నాయి.

మిషన్ పనితనానికి మాత్రం వంక పెట్టను. గుర్ర్ మని గాలి ఎక్కించి, మెల్లిగా వదుల్తూ రక్తనాళం అదురుని పట్టుకుని లెక్క కడుతుంది. అందుకే చేతిని ఇంతకూడా కదపకూడదు. ఒకసారి గాలి ఎక్కుతుండగా మా ఆవిడ "ఏవండీ, ఎంతొచ్చింది?" అంది, "ఇంకా రాలేదే, ఆగు" అన్నా, అంతే 144 చూపించింది. నోరు మూస్కుని అయిదు నిమిషాలు కూర్చుని మళ్లీ చూస్తే 132. వీపు ఆనించి, కాళ్లు నేలకి పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో టేబుల్ మీద ఉంచి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. కాఫీ తాగిన అరగంట లోపు చూస్తే ఆ రీడింగ్ లెక్కలోకి తీస్కోవద్దు.

ఇప్పుడు అసలు గొడవ. స్క్రీన్ పక్కన రంగుల గీత ఉంటుంది కదా, 139/89 దాకా పచ్చే. 133/85 కి పచ్చ లైటు వెలిగేసరికి హమ్మయ్య అనుకుని వారం లెక్కలు పట్టుకెళ్లి "అంతా పచ్చేనండీ" అన్నా. డాక్టర్ గారు నవ్వి, గుండెకి పచ్చ గీతలు తెలీవండీ అన్నారు. దాదాపు పది లక్షల మంది లెక్కలు కలిపి 2002లో ఒక పెద్ద స్టడీ వచ్చిందట, 115/75 దగ్గర్నుంచే రిస్క్ మొదలు, అక్కణ్నుంచి పై నంబర్ 20 గానీ కింది నంబర్ 10 గానీ పెరిగిన ప్రతిసారీ గుండెపోటుతో, పక్షవాతంతో పోయే రిస్క్ రెట్టింపు, 40 నుంచి 69 ఏళ్ల వాళ్లలో. అంటే 140 దగ్గర గోడేం లేదు, కింద నుంచే ఎక్కుతూ వచ్చే మెట్లన్నమాట. అమెరికా వాళ్లయితే 2017లో 130/80 నుంచే హై బీపీ అని రాసేశారు.

అలాగని నాకు మాత్ర రాయలేదు, ఆ బోర్డర్ నంబర్ ఒక్కటే చూసి చెప్పలేం అన్నారు. వయసు, షుగర్, కొలెస్ట్రాల్, సిగరెట్, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా, ఇవన్నీ కలిపి చూస్తారట, ఒకే 134 ఒకళ్లకి నడకతో, ఉప్పు తగ్గించడంతో సరిపోతుంది, షుగర్ ఉన్నవాళ్లకి మందు దాకా వెళ్లొచ్చు. నాకు మూడు నెలలు గడువిచ్చారు. నాలుగు కేజీలు తగ్గా, పోయిన వారం సగటు 127/81.

మిగతావి చిన్నవే. ఇద్దరి రీడింగులు విడివిడిగా దాచుకుంటుంది, కానీ యూజర్ బటన్ మార్చడం మర్చిపోతే మా ఆవిడ 112 నా సగటులో కలిసిపోతుంది, రెండుసార్లు అలా తెగ సంబరపడ్డా. గుండె లయ తప్పి కొట్టుకునే వాళ్లకి ఇలాంటి మిషన్లు సరిగ్గా లెక్క కట్టలేకపోవచ్చు, వాళ్లు డాక్టర్‌ని అడక్కుండా కొనొద్దు. మూడున్నర స్టార్లు. పెద్ద కఫ్ పెట్టెలోనే ఇచ్చుంటే ఇంకో స్టార్ పడేది.