రాజకీయం వినపడని గంట: తేలికపాటి పాడ్‌కాస్టులతో నా అనుభవం

గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే ఉదయపు రైల్లో సీటు దొరక్కపోయినా చర్చ దొరుకుతుంది. నంబూరు దాటేలోపే ఎవరో ఒకరు రాజధాని మాట ఎత్తుతారు. మంగళగిరి వచ్చేసరికి పెట్టె రెండు పక్షాలుగా చీలిపోతుంది. కృష్ణా కెనాల్ దగ్గర బండి కాసేపు నిలబడిందా, ఇక శాసనసభే. సాయంత్రం ఇంటికొస్తే టీవీలో మళ్లీ అదే సంత, కాకపోతే అక్కడ నలుగురూ ఒకేసారి అరుస్తారు. నాకు రాజకీయాలంటే ఏవగింపేమీ లేదు. ఓటు వేస్తాను, పొద్దున్నే పేపరు చదువుతాను. ఆ మోతాదు చాలుననిపించి, మిగతా వేళ చెవులకు వేరే పని చెబుదామని పాడ్‌కాస్టుల దారి పట్టాను. 2024 ఎన్నికల వేడి మొదలైనప్పటి నుంచీ వింటున్నాను కాబట్టి వాటి గుణదోషాలు చెప్పగలననే అనుకుంటున్నాను.

ఏం వింటున్నామన్నదాని కన్నా ఎందులో వింటున్నామన్నదే ముఖ్యం. వీడియోలు చూపించే యాప్‌లో హాయిగా ఒక హాస్య సంభాషణ పెట్టుకుంటే, అది ముగిసీ ముగియకముందే కింద ఎర్రక్షరాలతో, వేలు చూపిస్తున్న నాయకుడి బొమ్మతో ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది. అది మన అభిరుచి చూసి కాదు, మన ఊరు చూసి వస్తుందేమోనని నా అనుమానం. దాన్ని నొక్కకపోయినా శీర్షిక చదివేస్తాం కదా. మనసు పాడు కావడానికి శీర్షిక చాలు.

అందుకే సూచనలు చేయని యాప్ కావాలనుకున్నాను. ఆంటెన్నాపాడ్ అలాంటిదే. ఉచితం, యాప్ తరఫున ప్రకటనలు ఉండవు, దాని కోడ్ ఎవరైనా చూడవచ్చు. పాడ్‌కాస్ట్ అంటేనే మూలంలో ఒక ఫీడు. కార్యక్రమం వాళ్లు కొత్త ఎపిసోడ్ పెట్టినప్పుడల్లా ఆ ఫీడులో ఒక పద్దు చేరుతుంది, మన యాప్ వెళ్లి చూసుకుని ఆడియో తెచ్చిపెడుతుంది. మనం చందా కట్టిన పత్రిక గుమ్మంలో పడ్డట్టే. పక్కింటి పత్రిక కూడా చదవండి అని ఎవరూ వెంటపడరు. నా జాబితాలో ఉన్నవి ఏవో అవే ఉంటాయి. ఈ ఒక్క గుణం కోసం దానిలోని మిగతా ఇబ్బందులన్నీ భరిస్తున్నాను.

ఇబ్బందులూ ఉన్నాయి మరి. ఐఫోనులో ఇది రాదు, ఆండ్రాయిడ్‌కే. ఏదో ఒక వేదికకే పరిమితమై బహిరంగ ఫీడు ఇవ్వని కార్యక్రమాలు ఇందులో దొరకవు. తెలుగు పేర్లు వెతకాలంటే ఇంగ్లిషు అక్షరాల్లో రెండు మూడు రకాలుగా కొట్టి చూడాలి. దీర్ఘానికి ఒక 'ఎ' పెట్టారో రెండు పెట్టారో ఆ పెట్టినవాళ్లకే ఎరుక. ఇక కార్యక్రమాల్లోనే కలిపి వచ్చే ప్రకటనలను ఆపడం ఈ యాప్ వల్ల కాదు. చాలా వాటిలో మనం డౌన్‌లోడ్ చేసుకునే క్షణంలోనే సర్వరు వాటిని అతికించి పంపుతుంది. అదే ఎపిసోడ్ ఇంకో నెలలో దించుకుంటే ప్రకటన మారిపోయి ఉంటుంది.

నిద్ర టైమరు మాత్రం చెప్పి తీరాలి. రాత్రి పడుకునే ముందు ఇరవై నిమిషాలకు పెట్టుకుంటే ఆగిపోతుంది. ఇంకా నిద్ర రాకపోతే, ఆగబోయే ముందు ఫోనును ఒక్కసారి ఊపితే చాలు, లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. చీకట్లో తెర వెలిగించనక్కరలేదు. తెర వెలిగిస్తే ఏం కనబడుతుందో వేరే చెప్పాలా? అపార్ట్‌మెంటు వాట్సాప్ బృందంలో ఎవరో పంపిన నాయకుడి ప్రసంగం. డేటా సంగతి కూడా పెద్ద భారం కాదు. 128 కేబీపీఎస్ నాణ్యతలో గంట ఆడియోకి 60 ఎంబీ లోపే అవుతుంది. రాత్రి ఇంట్లో వైఫై మీద దించుకుని పొద్దున రైల్లో వింటాను.

ఇక కార్యక్రమాలు. నాకు బాగా నచ్చింది 'నో సచ్ థింగ్ యాజ్ ఎ ఫిష్'. బీబీసీ వారి క్యూఐ అనే క్విజ్ కార్యక్రమానికి సమాచారం వెతికిపెట్టే పరిశోధకులు నలుగురు 2014లో మొదలుపెట్టారు. వారానికొకసారి నలుగురూ తలా ఒక విచిత్రమైన నిజం పట్టుకొచ్చి బల్ల మీద పెడతారు, దాని చుట్టూ మిగతా ముగ్గురూ అల్లుకుపోతారు. ఎక్కువగా బ్రిటన్ యాసలో గబగబా మాట్లాడతారు కాబట్టి మొదట్లో వేగం 0.9కి తగ్గించుకుని వినేవాణ్ణి. చెవి అలవాటు పడ్డాక ఆ అవసరం తీరిపోయింది.

'చేప అనేదే లేదు' అన్న ఆ పేరు వెనక కథే గొప్పగా ఉంటుంది. మనం చేపలని పిలిచేవన్నీ జీవపరిణామ లెక్కలో ఒక కుటుంబం కాదట. వంశవృక్షం గీసి చూస్తే సాల్మన్ చేపకు హ్యాగ్‌ఫిష్ కన్నా ఒంటె దగ్గరి చుట్టం. దవడలూ ఎముకలూ ఉన్న వర్గంలో సాల్మనూ ఒంటే రెండూ వస్తాయి, దవడే లేని హ్యాగ్‌ఫిష్ దూరంగా ఇంకో కొమ్మ మీద ఉండిపోతుంది. ఇది విని రైల్లో పైకి నవ్వేశాను. రోజూ ఎదురుగా కూర్చునే విశ్రాంత ఉపాధ్యాయుడు ఊరుకుంటారా?

"ఏమిటండీ, ఒక్కరే నవ్వుకుంటున్నారు?"

చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "అయితే ఆదివారం మా ఇంట్లో వండిన పులుసు దేనిదంటారు?" అన్నారు.

"బొచ్చె అయితే అది కూడా ఒంటెకు చుట్టమే మాస్టారూ."

ఆ మాట పక్క వరుసకు వినపడింది. కిటికీ దగ్గర కూర్చున్న రాజమండ్రి ఆయన, ఏ చేపను ఎవరికి చుట్టం చేసినా ఫరవాలేదు, పులసను మాత్రం ఆ లెక్కలో కలపొద్దన్నారు. పుస్తెలమ్మయినా తినమన్నది ఒంటె చుట్టాన్నా అని ఇంకొకరు. అలా రెండు స్టేషన్లు గడిచిపోయాయి. ఆ పూట రాజధాని ప్రస్తావనే రాలేదు.

ఆ కార్యక్రమం ఎందుకు పనిచేస్తుందో తరవాత ఆలోచించాను. టీవీ చర్చలో ఎవరేం చెబుతారో ప్రశ్న వేయకముందే తెలుసు, గెలవడానికే కూర్చుంటారు. ఇక్కడ ఎవరూ గెలవనక్కరలేదు. తమకు తెలియనిది బయటపడితే వాళ్లే ముందుగా నవ్వుతారు. మనిషి గొంతులో పంతం లేకపోతే చాలు, చెవికి విశ్రాంతి దొరుకుతుంది. సంగీతం, ధ్యానం పెట్టి చూశాను కానీ నాకు అవి పనిచేయలేదు. మాటల వల్ల కలిగిన అలసట నాకు మాటలతోనే పోయింది.

'స్టఫ్ యూ షుడ్ నో' 2008 నుంచి నడుస్తోంది. ఇద్దరు మిత్రులు ఏదో ఒక వస్తువునో విషయాన్నో తీసుకుని తీరిగ్గా వివరిస్తారు. పాత్రలు కడిగేటప్పుడు బాగుంటుంది, ప్రకటనలు మాత్రం విసుగు. 'నైంటీనైన్ పర్సెంట్ ఇన్విజిబుల్' రోమన్ మార్స్ 2010లో మొదలుపెట్టిన డిజైన్ కార్యక్రమం. నవ్వు తక్కువ, కుదురు ఎక్కువ. ఆయన 2017లో ట్రంప్ పాలనను ఆధారం చేసుకుని రాజ్యాంగ న్యాయం మీద ఇంకో కార్యక్రమం కూడా మొదలుపెట్టారు. దానికి వేరే ఫీడు ఉంది కాబట్టి దాని జోలికి వెళ్లకుండా దీన్నే వినవచ్చు. అమెరికా రేడియో వార్తా క్విజ్ 'వెయిట్ వెయిట్ డోంట్ టెల్ మీ'లో రాజకీయ చమత్కారాలు దండిగా ఉంటాయి. అయినా నాకు అది ఇబ్బంది పెట్టలేదు. మనకు ఓటు లేని చోట జరిగే తగవు వినోదమే. అమెరికాలో కొడుకో కూతురో ఉన్నవాళ్లకు వీసాల మాట వినగానే ఆ వినోదం కాస్తా ఎగిరిపోవచ్చు.

తెలుగులో పరిస్థితి అంత బాగా లేదు. పాడ్‌కాస్ట్ అన్న పేరుతో వచ్చేవాటిలో ఎక్కువ భాగం రెండు మైకుల మధ్య జరిగే వీడియో ముఖాముఖిలే. సినిమా వాళ్లను పిలిచినా, డాక్టర్లను పిలిచినా, మూడో వంతు గడిచేసరికి "ఇప్పుడున్న పరిస్థితుల్లో..." అంటూ బండి మళ్లీ అదే పట్టాల మీదికి ఎక్కుతుంది. మినహాయింపు చెప్పమంటే 'హర్షణీయం' పేరు చెబుతాను. కథలు చదివి వినిపిస్తారు, రచయితలతో మాట్లాడతారు. కడుపుబ్బ నవ్వించేది కాదు గానీ మనసు తేలికపడుతుంది.

అసలు మాటలతో చెవికి విశ్రాంతినిచ్చే పని విజయవాడకు కొత్త కాదు. 1948 డిసెంబరు 1న మొదలైన ఇక్కడి ఆకాశవాణి కేంద్రం నాటకాలకు పెట్టింది పేరు. నండూరి సుబ్బారావు గొంతు ఉన్న పాత హాస్య నాటకాలు కొన్ని అంతర్జాలంలో దొరుకుతున్నాయి. శబ్దంలో గరగర ఉంటుంది, మధ్యలో ముక్క తెగిపోతుంది, అయినా సంభాషణలోని విరుపు చెక్కుచెదరదు. అవి ఫీడు రూపంలో లేవు కాబట్టి ఫైళ్లను ఫోనులో ఒక ఫోల్డరులో వేసి, ఆంటెన్నాపాడ్‌కు ఆ ఫోల్డరును చూపించాను. వాటినీ ఎపిసోడ్ల లాగే వరసలో పెట్టేసింది. మా మామగారికి ఒకటి వినిపిస్తే, "ఇవి మేం రేడియో ముందు కూర్చుని విన్నవేనయ్యా" అని తన ఫోనులో కూడా పెట్టించుకున్నారు. తొమ్మిదింటికి చర్చ మొదలయ్యే వేళకు మాత్రం ఇయర్‌ఫోన్లు తీసేసి రిమోట్ అందుకుంటారు.

2024 జూన్ 4న, ఫలితాల రోజున, ఇవేవీ పనిచేయలేదు. ఒంటె వచ్చినా, నండూరి వచ్చినా, ఊరంతా టీవీల ముందుంటే మనం ఒక్కరం చెవులు మూసుకుని ఏం వింటాం? అలాంటి రోజుల కోసం ఇది కాదు. మామూలు రోజులకు మాత్రం ఐదుకు నాలుగు మార్కులిస్తాను. తగ్గించిన ఆ ఒక్క మార్కు తెలుగు కొరతకు. నలుగురు తెలుగువాళ్లు పంతం లేకుండా కూర్చుని, ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లే ఎందుకు పెట్టారు, ఊరగాయ జాడీకి గుడ్డ వాసెన ఎందుకు కడతారు అని గంటసేపు తేలిగ్గా మాట్లాడుకునే కార్యక్రమం ఎవరైనా నడుపుతుంటే ఫీడు చిరునామా పంపండి. ఈ రాత్రే చేర్చుకుంటాను.