పిగ్మీ ఊసరవెల్లా, వీల్డ్ ఊసరవెల్లా: ఏది మేలు?

ఇంట్లో ఊసరవెల్లిని పెంచుకోవాలనుకునే, టెక్సస్‌లో డాలస్, హ్యూస్టన్ వైపు ఉన్న మనవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. "పిగ్మీ వేలెడంతే కదండీ, పిల్లలు ముచ్చటపడుతున్నారు. వీల్డ్ కంటే సులువే కదా?" అంటారు. ఖర్చు వరకూ నిజమే. పిగ్మీకి చిన్న టెర్రేరియం (గాజు పెట్టె), ఆకుచెత్త పరిచిన మట్టి, బతికున్న మొక్కలు, తక్కువ పవర్ యూవీబీ (అతినీలలోహిత కిరణాల) లైటు ఉంటే చాలు. వీల్డ్‌కి నాలుగడుగుల ఎత్తు జాలీ కేజ్, హీట్ ల్యాంపు, గట్టి యూవీబీ ట్యూబు కావాలి.

కానీ నా లెక్కలో తేల్చేది వేడి.

పెంపకానికి ఎక్కువగా దొరికే బియర్డెడ్ పిగ్మీ అనే రకం టాంజానియాలో ఉసంబరా, ఉలుగురు వంటి కొండల అడవుల్లో, నేలకి దగ్గరగా, చెట్ల నీడలో బతికే జీవి. దానికి పగలు 22–24 డిగ్రీల సెల్సియస్ హాయి, రాత్రి ఇంకా తగ్గితే ఇంకా మంచిది. 27 దాటితే కష్టం మొదలవుతుంది. "హీట్ ల్యాంపు అక్కర్లేదు" అని అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. అసలు చిక్కు అక్కడే ఉంది. వేడి పెంచాలంటే ఒక బల్బు, ఒక టైమర్ సరిపోతాయి. గాజు పెట్టెను చల్లబరచాలంటే ఇల్లంతా చల్లగా ఉండాలి. మనమేమో వేసవి సెలవుల్లో ఇండియా వెళ్తూ థర్మోస్టాట్ 85 ఫారెన్‌హీట్‌కి పెట్టి తాళం వేసుకుంటాం. అంటే 29 డిగ్రీల పైమాటే. టెక్సస్‌లో జులైలో ఏసీ చెడిపోయి మెకానిక్ మర్నాడు వస్తానన్నా అదే పరిస్థితి. పిగ్మీకి మేతగా డబ్బాల్లో పెంచే ఫ్రూట్ ఫ్లైస్ (పండ్ల మీద వాలే చిన్న ఈగలు) కల్చర్ కూడా 30 డిగ్రీల్లో దెబ్బతింటుంది. ఆ వేడిలో మగ ఈగలు సంతానం కనలేవు, తర్వాతి తరం ఈగలు రావు. చిన్న నోటికి పట్టే పురుగులు ప్రతి షాపులో దొరకవు కూడా.

వీల్డ్ యెమెన్, సౌదీ వైపుది. పగటి ఎండ, రాత్రి చలి రెండూ దానికి అలవాటే. ల్యాంపు కింద 29–32 డిగ్రీలు కోరుకుంటుంది, వేడెక్కితే నీడలోకి దిగిపోతుంది. ఇంట్లో ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలు అటూఇటూ అయినా మనకి టెన్షన్ ఉండదు. ఆ వెసులుబాటు పిగ్మీ ఇవ్వదు.

ఇంకో తేడా, వీల్డ్‌లు చాలావరకు కేజుల్లో పుట్టి పెరిగినవే. పిగ్మీల్లో అడవిలో పట్టి తెచ్చినవీ ఉంటాయి. అలాంటివి పొట్టలో పరాన్నజీవులతో, ప్రయాణంలో ఒంట్లో నీరు ఇంకిపోయి వస్తాయి. అంత చిన్న ఒంటికి మందు డోసు వేయగల డాక్టర్ దొరకడం కష్టం. పిగ్మీలు తీసుకునేవాళ్లు కేజులో పుట్టినవే అడిగి తీసుకోండి.

వీల్డ్‌దీ బుద్ధిమంతుడి వ్యవహారమేమీ కాదు. బుస కొడుతుంది, కరుస్తుంది, ఇంకో ఊసరవెల్లి కనిపిస్తేనే సహించదు. ఆడది మగతోడు లేకపోయినా పదుల కొద్దీ గుడ్లు పెడుతుంది. తవ్వుకోవడానికి లోతైన తడి ఇసుక లేకపోతే గుడ్లు లోపలే ఉండిపోయి చచ్చిపోతుంది. మొదటిసారి పెంచేవాళ్లు మగదాన్నే తెచ్చుకోండి. ఇన్ని చిక్కులున్నా వీల్డ్ కళ్లకి కనిపిస్తుంది! పిగ్మీ ఎండుటాకులా ముడుచుకుని ఆకుల్లో కలిసిపోతుంది. రంగులు చూద్దామని వచ్చిన పిల్లలు రెండు రోజుల్లో టీవీ వైపు వెళ్లిపోతారు.

ఏడాది పొడవునా చల్లగా ఉండే బేస్‌మెంట్, రోజూ పొద్దున సాయంత్రం నీళ్లు చిలకరించే ఓపిక, నాచు, మొక్కలంటే ఇష్టం ఉన్నవాళ్లకి పిగ్మీ బాగుంటుంది. న్యూజెర్సీలో ఉండుంటే నేనూ ఆలోచించేవాణ్ణి. టెక్సస్‌లో మాత్రం నా ఓటు వీల్డ్‌కే.

ఈ రెండూ కాక, పాంథర్ ఊసరవెల్లి అందగాడు, ఖరీదూ అలాగే ఉంటుంది, పెంపకం దాదాపు వీల్డ్ లాంటిదే. క్రెస్టెడ్ గెకో అనే బల్లికి పొడి మేత నీళ్లలో కలిపి పెడితే చాలు, కానీ అది ఊసరవెల్లి కాదు, దానికీ వేడి పడదు.

హైదరాబాద్ నుంచి అడిగేవాళ్లకి: మన పొలాల్లో కనిపించే ఊసరవెల్లి 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షిత జీవి, పట్టుకుని పెంచడం నేరం. ఆఫ్రికా పిగ్మీలు 2016లో సైటిస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో చేరాయి. దిగుమతి పత్రాలు, రిజిస్ట్రేషన్ చూపించలేని అమ్మకందారు దగ్గర బేరమే ఆడొద్దు.