ముగ్గురు రాచకోడళ్ళు: ఎవరికి దక్కిన ఆదరణ మేలు?

2018 మే 19న బ్రిటన్ యువరాజు హ్యారీ, అమెరికా నటి మేఘన్‌ల పెళ్ళి టీవీలో వస్తుంటే మా పిన్ని గౌను చూడలేదు, కిరీటం చూడలేదు. "పిల్ల తరఫున వాళ్ళమ్మ ఒక్కతేనా? ఇంకెవరూ రాలేదా?" అంది. నిజమే. విండ్సర్ చర్చిలో మేఘన్ సొంత మనుషుల్లో కనిపించింది తల్లి డోరియా రాగ్లాండ్ ఒక్కరే. తండ్రి రాలేదు. సగం దూరం ఒంటరిగా నడిచి వచ్చిన పెళ్ళికూతురికి మామగారు చార్లెస్ చెయ్యి అందించారు. అప్పటినుంచి రాజకుటుంబంలోకి వేరే జాతి కోడలు వచ్చిన కథ ఏది దొరికినా, జనం ఆమెను ఎందుకు మెచ్చుకున్నారు, ఆ మెప్పు ఎన్నాళ్ళు నిలిచింది అని చూడటం నాకు అలవాటైంది.

అందరికంటే సుఖంగా జనాదరణ దొరికింది డెన్మార్క్‌కి వెళ్ళిన అలెగ్జాండ్రా మాన్లీకి. హాంకాంగ్‌లో పుట్టింది; తండ్రి వైపు చైనా రక్తం ఉంది, తల్లిది ఆస్ట్రియా. 1995లో రాణి రెండో కొడుకు యోవాకిమ్‌ను చేసుకునేనాటికి ఫైనాన్స్ కంపెనీలో పెద్ద ఉద్యోగంలో ఉంది. నోరు తిరగని డేనిష్ భాషను ఇట్టే నేర్చేసుకుంది. అంతే, డేన్లు ఫిదా. ఇందులో వాళ్ళ పెద్దమనసు ఎంతో, ఆమె చదువు, హోదా, మర్యాద ఎంతో విడదీయడం కష్టం. నాకైతే రెండోదే ఎక్కువనిపిస్తుంది. 2005లో విడాకులైనా అభిమానం పోలేదు. గొణుగుడు మొదలైంది ఎక్కడంటే, మళ్ళీ పెళ్ళి చేసుకున్నాక కూడా ప్రభుత్వం నుంచి ఏటా భత్యం అందుతూ ఉండటం దగ్గర. చివరికి 2020లో దాన్ని వదులుకుంది.

మేఘన్ భర్త కూడా రెండో కొడుకే. కాబట్టి సింహాసనానికి దూరం కావడం వల్లే అలెగ్జాండ్రాను తిట్టకుండా వదిలేశారని సరిపెట్టుకోలేం. తల్లి ఆఫ్రికన్ అమెరికన్ కావడం, బ్రిటిష్ టాబ్లాయిడ్ల (సంచలన పత్రికల) ఆకలి, ఇంగ్లండ్ రాచరికానికి ప్రపంచమంతా ప్రేక్షకులు కావడం, అన్నీ కలిశాయి. పెళ్ళికి ఏడాదిన్నర ముందే, 2016 నవంబర్‌లో, పత్రికల రాతల్లోని జాతి వివక్షను తప్పుపడుతూ హ్యారీ ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. అయినా పెళ్ళిరోజు మెప్పుకు హద్దు లేదు. ఆమె మేలిముసుగు మీద 53 కామన్‌వెల్త్ దేశాల పూలు కుట్టారు. మన తామర కూడా ఉంది. చిక్కంతా అక్కడే ఉందంటాను. రాచకుటుంబం మారిపోయిందనడానికి ఆమెను గుర్తుగా నిలబెట్టి చప్పట్లు కొట్టారు. ఆ గుర్తు నోరు విప్పి మాట్లాడితే చాలామందికి నచ్చలేదు.

డబ్బు సంగతి వేరే తలనొప్పి. ఫ్రాగ్‌మోర్ కాటేజ్ అనే హ్యారీ దంపతుల ఇంటిని బాగుచేయడానికి 24 లక్షల పౌండ్ల ప్రజాధనం ఖర్చయింది. 2020లో రాచబాధ్యతలు వదిలి అమెరికా వెళ్ళాక తిరిగి కట్టేశారు గానీ, పడాల్సిన మచ్చ అప్పటికే పడింది. 2021 మార్చిలో, కోవిడ్ రోజుల్లో, కాలిఫోర్నియా తోటలో కూర్చుని అమెరికా టీవీ యాంకర్ ఒప్రా విన్‌ఫ్రీతో తన బాధ చెప్పుకుంటే, ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్నవాడికి జాలి పుట్టకపోవడం వింతేమీ కాదు. అలాగని, పుట్టబోయే బిడ్డ ఒంటిరంగు గురించి అత్తింట్లో మాటలు వచ్చాయని ఒక తల్లి చెబితే, "కోట్లున్నాయిగా" అని కొట్టిపారేయడం నాకు మింగుడుపడదు. తెలుపు పిల్లే కావాలని పెళ్ళి ప్రకటనలు వేసుకునే మనం మరీ అనకూడదు.

మన హైదరాబాద్‌కీ నిజాం పెద్దకొడుకును 1931లో పెళ్ళాడి ఇలాంటి కోడలు వచ్చింది. టర్కీ ఖలీఫా కూతురు దుర్రెషెహ్వార్. కానీ అక్కడ లెక్క వేరు, అటూ ఇటూ పెద్ద వంశాలే. పాతబస్తీలో ఆమె పేరిట ఇప్పటికీ ఆసుపత్రి ఉంది.

ఇక రూత్ విలియమ్స్. ఇక్కడ అంతా తలకిందులు. రాజు నల్లవాడు, పిల్ల తెల్లది, అదీ లండన్‌లో లాయిడ్స్ బీమా వ్యాపారంలో మామూలు గుమాస్తా. అప్పట్లో బ్రిటిష్ ఏలుబడిలో ఉన్న ఆఫ్రికా దేశం బెచువానాలాండ్‌లోని బామాంగ్వాటో తెగకు వారసుడైన సెరెట్సే ఖామా, లండన్‌లో లా చదువుతూ 1948లో ఆమెను రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నాడు. రాజ్యం చూస్తున్న బాబాయి త్షెకెది మండిపడ్డాడు. తెగ సభ కూడా మొదట కాదంది. 1949 జూన్‌లో తెగ రాజధాని సెరోవేలో వేలమంది మళ్ళీ కూర్చుని, మా రాజు మాకు కావాలి, భార్యతో సహా రానీ అన్నారు. రూత్ మీద అప్పటికే ప్రేమ పొంగిందని కాదు. బాబాయి గద్దె దిగడేమోనన్న అనుమానం కూడా పనిచేసింది.

వాళ్ళు ఒప్పుకున్నా తెల్ల దొరలు ఒప్పుకోలేదు. పక్కనున్న దక్షిణాఫ్రికా అదే ఏడాది జాతుల మధ్య పెళ్ళిళ్ళను నిషేధించింది. దాని బంగారం, యురేనియం బ్రిటన్‌కు కావాలి. అంతే, సొంత దేశానికి రాకుండా సెరెట్సేను వెలివేశారు. 1956లో గద్దె మీద హక్కు వదులుకుని, మామూలు పౌరులుగా భార్యాభర్తలు తిరిగొచ్చారు. 1966లో ఆ దేశం బోట్స్వానాగా స్వతంత్రమైనప్పుడు తొలి అధ్యక్షుడు ఆయనే.

ప్రశాంతమైన బతుకు కావాలంటే అలెగ్జాండ్రాకు దొరికిన ఆదరణ చాలు. మేఘన్‌కు దొరికింది మాత్రం శత్రువుకు కూడా వద్దు, అదంతా ఆమె ఏమీ చేయకముందే అప్పుగా ఇచ్చిన మెప్పు. నా ఓటు రూత్‌కే. రాణి హోదా లేదు, ఏళ్ళకేళ్ళు ప్రవాసం. 1980లో భర్త పోయాక లండన్ వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. 2002లో బోట్స్వానాలోనే చనిపోయింది. సెరోవేలో భర్త పక్కనే ఆమె సమాధి.

ఈ కథ పిన్నికి చెబితే మళ్ళీ అదే ప్రశ్న: "ఆ పిల్ల పెళ్ళికి ఎవరొచ్చారు?" ఎవరో రావడం సరే, పెళ్ళి చేయడానికి చర్చివాళ్ళే ముందుకు రాలేదని చెప్పాను.