మై నేతా సైట్: పెద్ద అంకె దగ్గరే ఆగిపోకండి

ఎన్నికలొస్తే హైదరాబాద్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే "ఆస్తి ఇన్ని కోట్లు, కేసులు ఇన్ని" పోస్టుల్లో చాలావాటికి మూలం మై నేతా డాట్ ఇన్ఫో. అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు 1999లో పెట్టిన ఏడీఆర్ (అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్) సంస్థ దీన్ని నడుపుతోంది. అభ్యర్థులు నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్ల (ప్రమాణపత్రాల) వివరాలే ఇందులో పెడతారు. పైసా ఖర్చు లేదు.

ఏడీఆర్ కేసులో అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తులు, చదువు ఓటరుకు తెలియాల్సిందేనని 2002 మే 2న సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్రం చట్టం మార్చి ఆ తీర్పుకు గండికొట్టింది. అప్పుడు పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్, ఏడీఆర్‌లతో పాటు మన హైదరాబాద్ లోక్‌సత్తా కూడా కోర్టుకెక్కింది. 2003 మార్చి 13న, ఆ మార్పుతో ప్రజాప్రాతినిధ్య చట్టంలో చేరిన 33బి సెక్షన్‌ను కోర్టు కొట్టేసింది.

ఇక వాడకం. ఎన్నిక, జిల్లా, నియోజకవర్గం ఎంచుకుంటే అభ్యర్థుల పట్టిక వస్తుంది. పక్కపక్కనే ఒకే పేరున్నవాళ్లు ఉంటారు, పార్టీ, వయసు సరిచూసుకోండి. ఆస్తి మొత్తంలో భార్య లేదా భర్త, ఆధారపడినవాళ్ల ఆస్తి కూడా కలిసే ఉంటుంది. అప్పులు అందులోంచి తీసెయ్యరు, వేరే గడిలో చూపిస్తారు.

అసలు తిరకాసు భూములది. ఇప్పటి విలువ ఎంతో రాసేది అభ్యర్థే. తెలంగాణలో రిజిస్ట్రేషన్ విలువలు 2021 జూలైలో, మళ్లీ 2022 ఫిబ్రవరిలో పెరిగాయి. ఆ రేటు పట్టుకుని రాసినవాళ్లకు 2018 ఎన్నికల నుంచి 2023 ఎన్నికలకు గుంట భూమి కొనకపోయినా ఆస్తి పెరిగినట్టే కనిపిస్తుంది. అందుకే రెండు అఫిడవిట్లూ తెరిచి సర్వే నంబర్లు, ఎకరాలు, కొన్న తేదీలు పోల్చండి. కొత్త సర్వే నంబరు కనబడితే అదీ అసలు సంగతి. 2023 అఫిడవిట్‌లో ఐదేళ్ల ఐటీ రిటర్నుల ఆదాయం కూడా ఉంటుంది, ఆ కొనుగోలుకు అది సరిపోతుందా లెక్కేయండి.

కేసుల సంఖ్యా అంతే. తెలంగాణ ఉద్యమంలో రైల్‌రోకో చేసినవాళ్ల మీద రైల్వే చట్టం 174 కింద పెట్టిన కేసూ లెక్కలో ఒకటే, ఐపీసీ 307 కింద హత్యాయత్నం కేసూ లెక్కలో ఒకటే. ఈ రెంటినీ ఒకే గాటన కట్టేవాళ్లు టీవీల్లోనూ తక్కువేం లేరు! సెక్షన్లు చదవండి, అభియోగాలు నమోదయ్యాయా లేదా చూడండి, కేసు నంబరుతో కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ సైట్‌లో వెతకండి. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాల కేసుల్లో ఐపీసీ బదులు బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్లుంటాయి. పాత 307 అక్కడ 109.

స్కాన్ చేసిన కాగితాల నుంచి మనుషులే టైపు చేస్తారు కాబట్టి సున్నాలు అటూ ఇటూ అయ్యే వీలుంది. అనుమానమొస్తే ఎన్నికల సంఘం అఫిడవిట్ పోర్టల్‌లోని పీడీఎఫ్ తెరిచి చూడండి.