శివార్లో ఇల్లు: స్టేషన్ దగ్గర చిన్నదా, దూరంగా పెద్దదా?

మేం స్టేషన్ దగ్గర ఈ చిన్న ఇంటికి మారినప్పటి నుంచి తెలిసినవాళ్ళందరూ అడిగేది ఒకటే: "అదే డబ్బుకి ఇంకాస్త లోపలికి వెళ్తే పెద్ద ఇల్లు వచ్చేది కదా, ఎందుకు వదులుకున్నారు?"

నిజమే, వచ్చేది. చూశాం కూడా. ఒక గది ఎక్కువ, చుట్టూ ఖాళీ స్థలం, పొద్దున్నే వరండా నిండా ఎండ. అలాంటి నిశ్శబ్దం ఇక్కడ లేదు. ఆ ఇల్లు ఇప్పటికీ నా మనసులోంచి పోలేదు.

దాన్ని కాదనడానికి కారణం దూరం ఒక్కటే కాదు. నాకూ మా ఆయనకూ బండి నడపడం వచ్చు, మేం ఏ ఇంటి నుంచైనా వెళ్ళి రాగలం. కానీ ఇంట్లో నలుగురం. అత్తయ్య బండి నడపరు, పన్నెండేళ్ళ పాపకు ఇంకా ఆ వయసు రాలేదు. ఆ పెద్ద ఇంట్లో ఉంటే వాళ్ళిద్దరూ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలన్నా, స్నేహితురాలి ఇంటికి వెళ్ళాలన్నా మాలో ఒకరికి ఎప్పుడు తీరుతుందా అని చూస్తూ కూర్చోవాలి. నా దృష్టిలో ఇల్లు ఎంచుకోవాల్సింది బండి నడపనివాళ్ళ కాళ్ళను బట్టే.

మామూలుగా మనిషి గంటకు 5 కిలోమీటర్లు నడుస్తాడు. 800 మీటర్లకు పది నిమిషాలు. పెద్దవాళ్ళు సెకనుకు 0.8 మీటర్ల చొప్పున నడిస్తే అదే దూరానికి దాదాపు 17 నిమిషాలు. బస్ స్టాప్ 400 మీటర్లలో, స్టేషన్ 800 మీటర్లలో ఉండాలని పట్టణాల ప్లాన్లు వేసేవాళ్ళు లెక్క పెట్టుకునేది ఇందుకే. 1929లో క్లారెన్స్ పెర్రీ అనే అమెరికన్ ప్లానర్ తన కాలనీ నమూనాలో బడిని నడిమధ్యలో, పెద్ద రోడ్లను అంచుల్లో పెట్టాడు. పిల్లలు పెద్ద రోడ్డు దాటకుండా నడిచి బడికి చేరాలన్నది ఆయన పట్టుదల. నాకు ఆ ఆలోచన ఇప్పటికీ సరైనదే అనిపిస్తుంది.

స్టేషన్ దగ్గరైతే చాలదు, రైళ్ళు ఎంత తరచుగా వస్తాయో చూడాలి. అరగంటకొకటి వచ్చే చోట టైము చూసుకోకుండా వెళ్తే సగటున పావుగంట నిలబడాలి. పది నిమిషాలకొకటి అయితే ఐదు నిమిషాలే. ఒకటి తప్పిపోయినా కంగారుండదు. ఆఫీసు ప్రయాణం లెక్కా వేసుకున్నాం. దూరపు ఇంటి నుంచి వెళ్ళడానికి 25, రావడానికి 25 నిమిషాలు అదనం. ఏడాదికి 240 పనిరోజులంటే 200 గంటలు.

ఇక్కడా ఇబ్బందులున్నాయి. స్టేషన్‌కు వచ్చేవాళ్ళు మా గేటు ముందే బండ్లు పెట్టి పోతారు. తెల్లవారుజామున రైలు చప్పుడు వినిపిస్తుంది. మొక్కలకు చోటు తక్కువ.

నగరం నడిబొడ్డున ఫ్లాటూ చూశాం. మా నలుగురికీ ఇరుకు, అంతటితో వదిలేశాం. పట్టాలను ఆనుకుని ఉన్న ఇల్లయితే లోపలికి కూడా వెళ్ళలేదు.

ఇంట్లో అందరూ బండి నడిపేవాళ్ళయి, పనీ ఇంటి నుంచే అయితే ఆ పెద్ద ఇల్లే తీసుకోమంటాను. స్టేషన్ దగ్గర చూస్తుంటే మాత్రం "పది నిమిషాలే" అన్న మాట నమ్మి అడ్వాన్స్ ఇవ్వకండి. అది కారులో పది నిమిషాలు కావచ్చు. ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళను వెంటబెట్టుకుని, చీకటి పడ్డాక, స్టేషన్ నుంచి ఆ గేటు దాకా ఒకసారి నడవండి. ఆదివారం చివరి రైలు ఎన్నింటికో కూడా అక్కడే కనుక్కోండి.