ఇంగ్లీషు అక్షరాల తెలుగా, తెలుగు అక్షరాల తెలుగా?

వాట్సాప్‌లో నన్ను అన్నిటికంటే చికాకు పెట్టేది ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగు. మొన్న తమ్ముడు పంపిన మెసేజీని ‘నాన్నకు కళ్ళు నొప్పి’ అని చదువుకుని కంటి డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. వాడు రాసింది కాళ్ళ గురించి! ఆ 26 అక్షరాల్లో కళ్ళు, కాళ్ళు, కల్లు మూడూ ఒకేలా కనిపిస్తాయి. ల–ళ, న–ణ తేడాలు పోతాయి. దీర్ఘం ఉందో లేదో చదివేవాళ్ళే ఊహించుకోవాలి.

తెలుగు లిపిలో ఆ గొడవే లేదు. ఒక్క దీర్ఘంతో విషయం తేలిపోతుంది. టైపు చేయడం కష్టమన్న మాట ఒకప్పుడు నిజమే. కంప్యూటర్లు, ఫోన్లు అన్ని భాషల అక్షరాలనూ గుర్తుపట్టేందుకు వాడే యూనికోడ్ అనే ప్రమాణంలో 1991లోనే తెలుగు చేరినా, ఫోన్లలో మన అక్షరాలు డబ్బాలుగా కనిపించిన రోజులు నాకు గుర్తున్నాయి. ఇప్పుడు ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తెలుగులో పడే కీబోర్డులున్నాయి. మైకు గుర్తు నొక్కి మాట్లాడినా చాలు.

విదేశాల్లో పెరిగి, మాట వచ్చినా లిపి రాని పిల్లలకు మాత్రం ఇంగ్లీషు అక్షరాల తెలుగే మేలు. మా అక్క కూతురికి నేనూ అలాగే రాస్తాను. అమ్మకు మాత్రం ఎప్పుడూ తెలుగులోనే. ఆమె కళ్ళజోడు సర్దుకుని, ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటిగా కూడబలుక్కుంటూ పైకి చదవడం చూశాక ఇంకోలా రాయడానికి మనసొప్పలేదు.