అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్: ఖాతా తేలికే, జమ దగ్గరే తిప్పలు

డిగ్రీలో చేరడానికి వెళ్తే కాలేజీ ఆఫీసులో ఇప్పుడు టెన్త్ మెమో, టీసీతో పాటు అపార్ నంబరు (విద్యార్థి శాశ్వత గుర్తింపు సంఖ్య, క్రెడిట్ల ఖాతాకీ ఇదే నంబరు) కూడా అడుగుతున్నారు. 2020 జాతీయ విద్యా విధానం చెప్పిన మార్పుల్లో విద్యార్థి తన ఫోన్‌లో కళ్లారా చూసుకోగలిగింది బహుశా ఈ క్రెడిట్ల ఖాతా ఒక్కటే. చదివిన ప్రతి కోర్సు క్రెడిట్లూ (కోర్సు పాసైతే దాని బరువును బట్టి వచ్చే పాయింట్లు) ఒక ఖాతాలో పడాలి, చదువు మధ్యలో ఆగినా అవి పోకూడదు, వేరే యూనివర్సిటీకి మారితే వెంట రావాలి. ఈ ఉద్దేశంతో 2021 జులైలో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు తెచ్చి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌ని మొదలుపెట్టింది. శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకి ఇది ఎంతవరకు అక్కరకొస్తోంది అన్నదే ఈ రివ్యూ.

ఖాతా తెరవడం వరకు వంక పెట్టడానికి లేదు. రుసుము లేదు. నెట్ సెంటర్‌కి వెళ్తే వాళ్ల కూలి తప్ప ఖర్చుండదు. ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో ఆధార్ ఓటీపీతో లాగిన్ అయి, అపార్ అని వెతికి, చేరిన సంవత్సరం, యూనివర్సిటీ, రోల్ నంబరు ఇస్తే 12 అంకెల నంబరుతో కార్డు వచ్చేస్తుంది. స్కూల్లోనే అపార్ వచ్చినవాళ్లు ఆ నంబరే ఇవ్వాలి, కొత్తది కోసం పాకులాడక్కర్లేదు.

చిక్కల్లా ఆధార్‌కి ఏ ఫోన్ నంబరు ఉందన్నదే. తండ్రి చేపల వేటకని వీరావల్ వెళ్లి, ఆధార్‌కి ఆయన నంబరే ఉంటే, ఓటీపీ గుజరాత్‌లో మోగుతుంది, పిల్ల ఇక్కడ నెట్ సెంటర్‌లో కూర్చుని ఉంటుంది. అడ్మిషన్ల రద్దీ మొదలవకముందే ఆధార్ సెంటర్‌కి వెళ్లి సొంత నంబరు కలిపించుకోవడం మేలు.

యూనివర్సిటీని ఎంచుకునే జాబితా దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ కనిపించాల్సింది కాలేజీ పేరు కాదు, అది అనుబంధంగా ఉన్న యూనివర్సిటీ పేరు. శ్రీకాకుళం జిల్లా డిగ్రీ కాలేజీల వాళ్లకి ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ యూనివర్సిటీ. అంబేద్కర్ అని కొడితే ఢిల్లీది, ఆగ్రాది, హైదరాబాద్ ఓపెన్ యూనివర్సిటీ కూడా వరసలో వస్తాయి. ఇంజనీరింగ్ వాళ్లకి జేఎన్‌టీయూతో ఇదే పేచీ. విజయనగరం జేఎన్‌టీయూ గురజాడ 2022లో విడిగా ఏర్పడింది, అంతకుముందు ఈ పక్క కాలేజీలు కాకినాడ కింద ఉండేవి. సీనియర్లను అడిగితే అలవాటుగా కాకినాడ అనే చెప్తారు. హాల్ టికెట్ మీద ఏ యూనివర్సిటీ పేరుందో అదే ఎంచుకోవాలి.

ఇక పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటుంది. పైడిరాజు, పైడితల్లి అనే పేర్లు ఊరికి పదిమందికి ఉండే విజయనగరంలో ఇంగ్లిష్ స్పెల్లింగు ఒక కాగితంలో పీ-వై అని, ఇంకో కాగితంలో పీ-ఏ-ఐ అని ఉండటం మామూలే. అపార్ పేరుని ఆధార్ నుంచి తీసుకుంటుంది, యూనివర్సిటీ మాత్రం టెన్త్ మెమో నుంచి తీసుకుంటుంది. రెండూ కలవకపోతే ఆ రోజు ఏమీ తెలియదు, మొదటి సెమిస్టర్ ఫలితాలొచ్చాక ఖాతా ఖాళీగా కనబడినప్పుడు తెలుస్తుంది. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే. కాబట్టి తొందరపడి అక్షరం అక్షరం సవరించుకోకుండా, మెమోని పక్కన పెట్టుకుని ఒకేసారి దాని ప్రకారం మార్పించుకోవాలి.

అసలు లోటు జమలో ఉంది. ఈ బ్యాంకు విద్యార్థి నుంచి మార్కుల మెమో నేరుగా తీసుకోదు, క్రెడిట్లు వేయాల్సింది సంస్థే. యూనివర్సిటీ పరీక్షల విభాగం ఫలితాల ఫైలులో ప్రతి విద్యార్థి అపార్ నంబరూ చేర్చి అప్‌లోడ్ చేయాలి. ఆ నంబర్లను కాలేజీలు ఎక్సెల్‌లో సేకరించి పంపుతాయి, కొంప మునిగేది అక్కడే. 12 అంకెల సంఖ్యని మామూలు గడిలో పెడితే ఎక్సెల్ దాన్ని ‘ఇ ప్లస్ 11’ అనే పొట్టి రూపంలో చూపిస్తుంది. అలాగే సీఎస్‌వీగా (ఉత్త అక్షరాల ఫైలుగా) సేవ్ చేస్తే చివరి అంకెలు ఎగిరిపోతాయి. ఒకరివి కాదు, తరగతి మొత్తానివి. నంబర్లు పేస్ట్ చేయకముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మారిస్తే సరిపోతుంది. ఇంత చిన్న పనికి కాలేజీ ఆఫీసుల్లో ఒక పూట శిక్షణ ఇవ్వకుండా, ఖాతాలు ఎన్ని తెరిచామన్న లెక్కతోనే మురిసిపోవడం మన సంస్కరణల తీరు.

సెమిస్టర్ ఫలితాలు వచ్చిన నెలకో రెండు నెలలకో అకడమిక్ బ్యాంక్ పోర్టల్‌లో విద్యార్థి లాగిన్‌తో చూసుకోవాలి. క్రెడిట్లు పడకపోతే హాల్ టికెట్ నంబరు, సెమిస్టర్, మెమో జిరాక్సు, ఖాతా స్క్రీన్‌షాట్ కలిపి ప్రిన్సిపల్ ద్వారా పరీక్షల విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటి మాటతో పని జరగదు. సప్లిమెంటరీలో పాసైన సబ్జెక్టుల్ని మాత్రం తప్పనిసరిగా చూసుకోవాలి.

కేంద్రం నడిపే ఆన్‌లైన్ చదువుల వేదిక స్వయం పోర్టల్ కోర్సుల క్రెడిట్లూ ఇందులోకి రావచ్చు. నిబంధన ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా ఆన్‌లైన్‌లో చేయొచ్చు. స్వయంలో ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్‌లో 12 వారాల కోర్సుకి 3 క్రెడిట్లు. అసైన్‌మెంట్లకి 25 మార్కులు, పరీక్షకి 75. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 రావాలి, రెండూ విడివిడిగా. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ కోర్సు ఏ సబ్జెక్టుకి బదులో కాలేజీ ముందే ఒప్పుకోకపోతే, సర్టిఫికెట్ చేతికొచ్చినా డిగ్రీ లెక్కలోకి రాదు. పరీక్ష ఫీజు కట్టకముందే కాగితం మీద అనుమతి తీసుకోవాలి.

వాడకం విషయానికొస్తే, చెప్పేది ఘనం, దొరికేది స్వల్పం. యూజీసీ చట్రంలో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. మొదటి ఏడాది 40 క్రెడిట్లతో ఆపేసి, వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు చేస్తే యూజీ సర్టిఫికెట్ ఇస్తారు. మూడేళ్లలోపు తిరిగి చేరొచ్చు, మొత్తం ఏడేళ్లలో ముగించాలి. కాగితం మీద బాగుంది. కానీ పైడిభీమవరం ఫార్మా కంపెనీలకి కావాల్సింది బీఎస్సీ కెమిస్ట్రీ, ఈ సర్టిఫికెట్ కాదు. ఇంటి ఇబ్బందితో చదువు మానేసే పిల్లకి అది ఉద్యోగం తెచ్చిపెట్టదు, తిరిగి చేరే దారి మూసుకుపోకుండా మాత్రం కాపాడుతుంది. అదీ చిన్న సాయమేం కాదు.

యూనివర్సిటీ మారడం ఇంకా కష్టం. ఖాతాలో క్రెడిట్లున్నంత మాత్రాన అవతల సీటు ఉండాలని లేదు. డిగ్రీ ఇచ్చే సంస్థలోనే కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలన్న నిబంధన ఉంది. పైగా 2023-24 నుంచి మన రాష్ట్రంలో సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) పద్ధతి వచ్చింది. పక్క రాష్ట్రంలో సబ్జెక్టుల కూర్పు వేరు. క్రెడిట్ల సంఖ్య కుదిరినా సిలబస్ కుదరదు.

మూడేళ్లూ ఒకే కాలేజీలో చదివి బయటపడేవాళ్లకి దీనివల్ల ఇప్పటికిప్పుడు ఒరిగేది తక్కువ. చదువు ఆగే ప్రమాదం ఉన్నవాళ్లు, స్వయం కోర్సులు చేసేవాళ్లు మాత్రం సెమిస్టర్‌కోసారి ఖాతా తెరిచి చూసుకోవాలి. ఐదుకి రెండున్నర స్టార్లు, అందులో రెండు ఖాతా తెరవడానికే.